పేరు లేని క్రియారూపం

‘వాన పడి ఉంటే చోళ్లు పండేవి’ అన్న వాక్యంలో ‘ఉంటే’ చేదర్థకమని బడిపిల్లవాడైనా చెప్తాడు. మరి ‘పండేవి’? నేను బోధించిన వాచకాల్లో దీనికి పేరు లేదు. కురుపాంలో నా దగ్గర తెలుగు చదివి, ఇప్పుడు హైదరాబాదులో స్పానిషు నేర్చుకొంటున్న ఒక సవర యువకుడు మొన్న అడిగాడు: “మాస్టారూ, వాళ్లకి దీనికో ప్రత్యేక రూపం ఉందండి. మనకి లేదా?”

స్పానిషులో ఆ రూపం చాలా సులువు. అబ్లార్ (మాట్లాడు), కొమెర్ (తిను), బిబిర్ (జీవించు) అనే మూడు తరగతుల ధాతువులకూ ఒకే ప్రత్యయమాల. ధాతురూపాన్ని కత్తిరించకుండా దాని చివరనే చేర్చాలి: అబ్లరీయ, అబ్లరీయస్, అబ్లరీయ, అబ్లరీయమొస్, అబ్లరీయయిస్, అబ్లరీయన్. అలాగే కొమెరీయ, బిబిరీయ. ‘నేను’, ‘అతడు’ రెండింటికీ రూపం ఒక్కటే. అయితే ‘ఉంటే’ అనే భాగంలో దీనిని వాడరాదు. ఫలితం చెప్పే భాగంలోనే వాడాలి. మన చేదర్థకం షరతును పట్టుకొంటే, ఇది ఫలితాన్ని పట్టుకొంటుందన్నమాట.

ఈ ‘ఈయ’ పుట్టుక చూడదగ్గది. లాటిను జనవ్యవహారంలో ‘పాడవలసి ఉండెను’ వంటి పదబంధంలోని సహాయక్రియ భూతరూపం అరిగి అరిగి ప్రత్యయమైంది. అదే సహాయక్రియ వర్తమానరూపం అతుక్కొంటే భవిష్యత్తు: అబ్లరే, మాట్లాడతాను. ఒకప్పటి అతుకు ఇప్పటికీ కనబడేది పోర్చుగీసులో. గ్రాంథికశైలిలో ధాతువుకూ ప్రత్యయానికీ నడుమ సర్వనామం దూరుతుంది. ఆంద్రేస్ బెల్యో 1847 నాటి తన వ్యాకరణంలో ఈ రూపానికి ‘భూతానంతరం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. గతంలో నిలబడి చూసిన భవిష్యత్తు. ఎంత చక్కని పేరు!

సంస్కృతం చదివినవారికి ఇది కొత్త కాదు. పాణినీయంలో లృఙ్ లకారం, అంటే క్రియాతిపత్తి, ఈ పనికే ఉంది. ‘భవిష్యతి’లోని భవిష్యదంగానికి ముందు భూతసూచకమైన అకారం, చివర భూతకాలపు ప్రత్యయం చేరితే ‘అభవిష్యత్’. ఒకదాని నుంచి మరొకటి అరువు తెచ్చుకోలేదు. రెండు భాషలూ భవిష్యత్తుకే భూతకాలపు తొడుగు వేశాయి.

తెలుగు దారి వేరు. ‘పండేవి’ మొదట అలవాటును చెప్పే భూతరూపం. అదే జరగనిదానికీ సరిపోయింది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) కావ్యభాషకు రాసినది. ‘వచ్చిన, చేసిన’ అనే చేదర్థకాలు అక్కడివి. నోట నలిగే ‘వస్తే, వచ్చేవాడు’ జంటను అక్కడ వెతకడం న్యాయం కాదు. కానీ వ్యావహారికం బడిలోకి వచ్చాక కూడా జంటలో ఒకదానికే పేరుండటం నాకు సబబుగా తోచదు. మా పొరుగున పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి సవరల నోట విన్నదాన్ని బట్టే వాళ్ల భాషకు వ్యాకరణం కట్టి 1931లో అచ్చులోకి తెచ్చారు. తెలుగుకూ ఆయన కోరింది అదే.

నన్నడిగితే క్రియాతిపత్తి అన్న పేరే చాలు, అర్థం వరకు. రూపం చూసి మాత్రం మోసపోకూడదు. కొండవాలు పోడు గురించి ‘వాన పడితే చోళ్లు పండేవి’ అంటే ఏటేటా జరిగిన సంగతి కావచ్చు. ‘పడి ఉంటే పండేవి’ అంటే ఆ ఏడు చోళ్లు ఇంటికి రాలేదు.