విశాఖ నుండి భీమిలి దాకా: సముద్రపు ఒడ్డున చరిత్ర

విశాఖపట్నం నుండి భీమునిపట్నం వరకు సముద్రం వెంబడి సాగే రోడ్డు సుమారు పాతిక, ముప్పై కిలోమీటర్లు ఉంటుంది. ఎడమచేతి వైపు కొండలు, కుడిచేతి వైపు బంగాళాఖాతం. ఆదివారం వచ్చిందంటే పిల్లాపాపలతో జనం బయలుదేరతారు. నీళ్ళలో కాళ్ళు తడుపుకొని, వేరుశనక్కాయలు తిని, చీకటిపడే వేళకు ఇల్లు చేరతారు. అందులో తప్పేమీ లేదు. కాని ఈ రోడ్డు పక్కన రెండు వేల ఏండ్ల చరిత్ర పడి ఉన్నదన్న సంగతి చాలామందికి తెలియదు.

ప్రయాణం పాతవూరి నుండి మొదలుపెట్టడం మంచిది. హార్బరు ముఖద్వారం వద్ద మూడు కొండలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిపై వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదానిపై మేరీమాత చర్చి, మరొకదానిపై ఇసాక్ మదీనా ఔలియా దర్గా. వచ్చేపోయే ఓడలు జెండాను మూడుసార్లు దించి ఎత్తి ఈ దర్గాకు సలాము చేసేవని, తుపాను నుండి బయటపడిన హిందూ ఓడ యజమానులు వెండి పడవలు చేయించి సమర్పించేవారని ఆంగ్లేయుల కాలపు జిల్లా గ్రంథాలలో రాసి ఉన్నది. సముద్రం మీద బతికేవాడికి ఆపద ఒకటే, మొక్కు ఒకటే అన్నమాట!

ఆనాడు ఈ తీరం గోల్కొండ కుతుబ్ షాహీల ఏలుబడిలో ఉండేది. శ్రీకాకుళంలోని ఫౌజుదారు ఇక్కడి వ్యవహారాలు చూసేవాడు. ఆంగ్లేయులు 1682లో విశాఖలో వర్తకశాల పెట్టారు. 1687లో గోల్కొండ మొగలాయీల చేతికి పోయింది. 1689లో ఔరంగజేబు సైన్యాలు ఆ వర్తకశాలను పట్టుకున్నాయి. మరుసటి యేడే అది తిరిగి ఆంగ్లేయులకు దక్కింది.

ఇక రామకృష్ణా బీచి, కైలాసగిరి, రుషికొండ దాటి ముందుకు పోతే తొట్లకొండ వస్తుంది. పైన బౌద్ధ భిక్షువుల విహారాలు, స్తూపాలు, వాననీటికై రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి. ఆ తొట్ల వల్లనే కొండకు ఆ పేరు. 1988 నుండి 1993 వరకు ఇక్కడ తవ్వకాలు జరిపారు. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమను వెండి నాణేలూ దొరికాయి. ఎక్కడి రోము, ఎక్కడి తొట్లకొండ! ఈ తీరానికి దూరదేశాలతో సంబంధం డచ్చివారితో మొదలైనది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

భీమిలికి కొంచెం ఇవతల ఎర్రమట్టి దిబ్బలు కనిపిస్తాయి. వేల యేండ్లుగా గాలి తెచ్చి పోసిన ఇసుక, అందులోని ఇనుము తుప్పు వల్ల ఎర్రబారింది. వానలు ఆ దిబ్బలను కోసి లోతైన వాగులు చేశాయి. ఇటువంటివి తమిళనాడులోను, శ్రీలంకలోను తప్ప ఈ దక్షిణాసియాలో మరెక్కడా లేవంటారు. 2014లో వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు.

గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట భీమిలి ఉన్నది. 17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ స్థిరపడి బట్టల వ్యాపారం చేశారు. 1825లో ఊరు ఆంగ్లేయుల పరమయింది. 1861లోనే ఇక్కడ మునిసిపాలిటీ ఏర్పడిందంటే ఆ రోజుల్లో దీని దర్జా ఊహించుకోవచ్చు. అయితే ఓడలు దూరంగా లంగరు వేస్తే చిన్న పడవల్లో సరుకు మోసుకురావలసిందే. రైలుమార్గం భీమిలిని తాకకుండా లోపలి నుండి పోయింది. 1933లో విశాఖ హార్బరు తెరిచాక పెద్ద ఓడలు నేరుగా ధక్కా దగ్గరికే రాసాగాయి. ఇంకేముంది, వర్తకం అటు తరలింది. ఇటు దీపస్తంభం, పాత బంగళాలు, డచ్చివారి గోరీలు మిగిలాయి. అధికారం ఓడవంటిది, లంగరు ఎత్తితే మళ్ళీ ఆ రేవుకు రాదు.

మిగిలినవైనా నిలుస్తాయా అన్నదే నేటి ప్రశ్న. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరాన్ని చిందరవందర చేసింది. కెరటాలు ఒడ్డును కోస్తున్నాయి. ఉప్పుగాలి సమాధి రాళ్ళపై అక్షరాలను తినేస్తున్నది. ప్రకృతి చేసే నష్టాన్ని పూర్తిగా ఆపలేం. కాని దిబ్బలు తవ్వి మట్టి తోలుకుపోవడం, పాతరాళ్ళపై పేర్లు చెక్కడం మనుషుల పనే కదా!

కనుక ఈసారి అటు వెళ్ళినప్పుడు పిల్లలను దర్గా కొండ దగ్గరా, తొట్లకొండ మీదా, భీమిలి గోరీల దగ్గరా ఒక్క పావుగంట ఆపండి. రాతిమీద చదవగలిగినది, అది పారశీకం కానీ డచ్చి కానీ తెలుగు కానీ, కాగితంపై ఎక్కించి దాచండి. రాయి అరిగిపోయినా ఆ కాగితం మిగులుతుంది. ఈ తీరం ఏ ఒక్కరిదీ కాదు, వచ్చినవారందరిదీ అని మన తరువాతివారికి చెప్పడానికి ఆధారం ఉండాలి కదా.