తెరలో కనిపించని కాళ్లు: డిజిటల్ కాలంలో మానసిక వైద్యుల శిక్షణ

మానసిక వైద్యం చదివే పీజీ విద్యార్థికి రోగి కుర్చీలో కూర్చోకముందే పరీక్ష మొదలవుతుంది. గుమ్మం ఎలా దాటి వచ్చాడు, ఎవరు చెయ్యి పట్టుకుని తెచ్చారు, చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకున్నాడా, దగ్గరికొస్తే మందు వాసన వస్తోందా? కేస్‌షీటులో మానసిక స్థితి పరీక్ష కింద మొదట రాసేవి ఇవే. వీడియో కాల్‌లో ఇవి సగానికి పైగా జారిపోతాయి.

అలాగని ఈ శాస్త్రానికి తెర కొత్తేమీ కాదు. అమెరికాలోని నెబ్రాస్కా సైకియాట్రిక్ ఇన్‌స్టిట్యూట్‌లో సెసిల్ విట్సన్ బృందం 1959లోనే రెండువైపులా మాట్లాడుకోగల టీవీతో వైద్య విద్యార్థులకు పాఠం చెప్పింది. 1964లో 112 మైళ్ల దూరాన ఉన్న నార్ఫోక్ మానసిక వైద్యశాలకూ ఆ లంకె కలిపారు. అంటే ఇక్కడ టెలీబోధన టెలీవైద్యమంత పాతది. మన దేశంలో టెలీమెడిసిన్ మార్గదర్శకాలు 2020 మార్చి 25న వచ్చాయి. మానసిక సహాయానికి ఫోను చేసే టెలీ మానస్ 14416 నంబరు 2022 అక్టోబరులో మొదలైంది. వీడియోలో రోగిని చూడటం ఆ మార్గదర్శకాల తర్వాత మానసిక వైద్యుడి రోజువారీ పనిలో భాగమైంది.

దీనికి కొత్త చూపు కావాలి. సైకోసిస్‌కు ఇచ్చే హాలోపెరిడాల్ మొదలుపెట్టిన కొద్ది రోజులకే కొందరిలో అకథీసియా అనే దుష్ప్రభావం వస్తుంది. కుదురుగా కూర్చోలేరు, కాళ్లు అటూ ఇటూ మారుస్తుంటారు, నిలబడితే ఉన్నచోటే అడుగులు వేస్తారు. ఫోను కెమెరా ఛాతీ దగ్గర ఆగిపోతుంది. విద్యార్థికి కనిపించేది కంగారుపడుతున్న ముఖం ఒక్కటే. రోగం తిరగబెట్టిందనుకుని డోసు పెంచితే ఆ అస్థిమితం ఇంకా ముదురుతుంది. “అమ్మా, ఒకసారి లేచి నిలబడండి, ఫోను కాస్త దూరంగా పెట్టించండి, కాళ్లు కనబడాలి” అనడం అందుకే నేర్పాలి. లిథియం వాడేవాళ్లను చేతులు చాపమంటే వణుకు తెలుస్తుంది. కండరాల బిగువును మాత్రం ఏ తెరా చూపదు, మోచెయ్యి పట్టుకుని వంచి చూడాల్సిందే.

తెర బయట కూర్చున్నవాళ్ల సంగతి ఇంకా చిక్కు. “బాగానే ఉన్నానండి” అంటున్న కోడలి పక్కన అత్తగారు ఉండవచ్చు. గదిలో ఇంకెవరున్నారని ముందే అడగడం, ఉన్నారంటే అవును, కాదు అని సరిపెట్టుకోగల ప్రశ్నలు వేయడం ఇప్పుడు ఇంటర్వ్యూ మెళకువల్లో చేరాలి.

ఇంటర్వ్యూలను రికార్డు చేసి గురువు చూడటం ఒక లాభం. కేసు ప్రెజెంటేషన్‌లో విద్యార్థి తన తడబాటు చెప్పుకోడు, వీడియో దాచదు. రోగి కళ్లనీళ్లు పెట్టుకున్న క్షణాన గబుక్కున నిద్ర గురించి అడిగేసిన తొందర అందులో పట్టుబడుతుంది. అయితే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ డిజిటల్ రూపంలో దాచిన సమాచారానికీ గోప్యత హక్కును వర్తింపజేసింది. ఉన్మాద దశలో ఉత్సాహంగా ‘తీసుకోండి’ అన్న రోగిని కోలుకున్నాక మళ్లీ అడగకుండా ఆ వీడియోను పాఠానికి వాడటం, నా ఉద్దేశంలో, తప్పే.

మాటల్ని సంక్షిప్తం చేసే కృత్రిమ మేధ మరో చిక్కు తెస్తోంది. ప్రధాన ఫిర్యాదును రోగి మాటల్లోనే రాయాలన్నది పాత నియమం. ‘నరాల వీక్‌నెస్’ అనేవాడు లైంగిక భయం చెబుతుండవచ్చు, ‘గాలి సోకింది’ అనే తల్లి బిడ్డ ప్రవర్తన ఏ రోజు మారిందో చెబుతుండవచ్చు. రెంటినీ ‘ఆందోళన’ అని కుదించిన వాక్యం చదివి పెరిగే విద్యార్థికి తెలుగు రోగి సగమే వినిపిస్తాడు.

తెరను సరైన చోట పెట్టే దారి ఒకటుంది. వైద్యుడు సంజీవ్ అరోరా 2003లో అమెరికాలోని న్యూ మెక్సికోలో హెపటైటిస్ సి కోసం మొదలుపెట్టిన ఎకో పద్ధతిలో రోగి స్థానిక వైద్యుడి దగ్గరే ఉంటాడు, నిపుణులు తెర మీదికి వస్తారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఈ పద్ధతిని మానసిక వైద్య శిక్షణకు తెచ్చింది. మన పీజీలకు ఇప్పుడు జిల్లా ఆసుపత్రిలో మూడు నెలల రెసిడెన్సీ తప్పనిసరి. అక్కడ రోగి విద్యార్థికి ఎదురుగా, కాళ్లతో సహా కనిపిస్తూ కూర్చోవాలి. తెర మీద ఉండాల్సింది ప్రొఫెసరు.