శీతాకాల ఒలింపిక్స్‌లో భారత్: తొలి అడుగులు

శీతాకాల ఒలింపిక్స్‌లో భారత్ తొలిసారి పాల్గొన్నది 1964లో, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో. అప్పటికి ఆ పోటీలు మొదలై నలభై ఏళ్లయింది. మన తరఫున వెళ్లింది ఒకే ఒక్క స్కీయర్, పోలండ్ మూలాలున్న జెరెమీ బుజకోవ్‌స్కీ. ఆయన డౌన్‌హిల్ పందెం పూర్తిచేయలేకపోయాడు. 1968లో గ్రెనోబుల్‌లోనూ మళ్లీ ఆయనే. ఆ తర్వాత ఇరవై ఏళ్లు భారత్ పేరు వినిపించలేదు.

వేడి దేశాలు మంచు పోటీలకు రావడం మనతో మొదలవలేదు. 1928లోనే సెయింట్ మోరిట్జ్‌లో మెక్సికో బాబ్‌స్లెడ్ (మంచు దారిలో జారే బండి) జట్టు 11వ స్థానంలో నిలిచింది. అయినా భారత్‌ను వేడి దేశాల్లో చేర్చడం సగమే సబబు. తెలుగు నేల మీద, కామవరపుకోట మెట్టలోనూ కొల్లేటి లంకల్లోనూ మనకు తెలిసింది పుష్యమాసపు పొగమంచే. గుల్మార్గ్, ఔలీ, మనాలి దగ్గరి సోలాంగ్ లోయల్లో మాత్రం సాధారణంగా స్కీయింగ్‌కు చాలినంత మంచు పడుతుంది. కొరత ఉన్నది వసతులకు, శిక్షకులకు, డబ్బుకు.

1988లో కాల్గరీకి ముగ్గురు వెళ్లారు. వారిలో శైలజా కుమార్ శీతాకాల ఒలింపిక్స్‌లో భారత్ తరఫున పోటీపడిన తొలి మహిళ. స్కీయింగ్‌లోని స్లాలమ్ పందెంలో 28వ స్థానం సాధించింది. ఆ పోటీల్లో లోకమంతా మాట్లాడుకున్నది జమైకా బాబ్‌స్లెడ్ జట్టు గురించే. శైలజ పేరు మన పాఠ్యపుస్తకాలకైనా ఎక్కాల్సింది.

ఆ తర్వాతి కథలో ఎక్కువ భాగం శివ కేశవన్‌దే. మనాలి ప్రాంతంలో పెరిగిన ఈ కుర్రాడు 1998లో నగానో పోటీలకు వెళ్లేనాటికి పదహారేళ్లవాడు. అతని ఆట ల్యూజ్. చిన్న స్లెడ్ మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు ముందుకు చాచి, మంచుగడ్డ కట్టిన కాలువలాంటి దారిలో గంటకు 130 కిలోమీటర్లకు పైబడిన వేగంతో జారాలి. స్లెడ్‌కు బ్రేకులుండవు. పిక్కలతో నొక్కుతూ, భుజాల బరువు మారుస్తూ మలుపులు తిప్పుకోవాలి. అలాంటి ట్రాక్ దేశంలో ఒక్కటీ లేదు. అందుకని కేశవన్ స్లెడ్‌కు చక్రాలు బిగించి హిమాలయాల ఘాట్‌రోడ్ల మీద సాధన చేశాడు. ఎదురుగా లారీలు, గొర్రెల మందలు వస్తుంటే వాటి పక్క నుంచే జారుకుంటూ పోయేవాడు. నగానోలో 28వ స్థానం, 2006లో టూరిన్‌లో 25వ స్థానం సాధించాడు. 2018 వరకు వరసగా ఆరు ఒలింపిక్స్ ఆడాడు. 2020 సంవత్సరానికి అర్జున అవార్డు అందుకున్నాడు.

2014లో సోచీలో అతనికి జాతీయ పతాకం కూడా దక్కలేదు. భారత ఒలింపిక్ సంఘంపై అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిషేధం ఉండడంతో మన ముగ్గురు క్రీడాకారులూ ప్రారంభోత్సవంలో ఒలింపిక్ జెండా వెనుక నడిచారు. ఫిబ్రవరి 11న నిషేధం ఎత్తేశారు గానీ, అప్పటికే కేశవన్ పందెం అయిపోయింది. పదహారేళ్లుగా దేశం కోసం ఆడినవాడికి పాలకవర్గాల తగవు వల్ల జరిగిన ఈ అన్యాయం క్షమించరానిది. 2022లో బీజింగ్‌కు కాశ్మీర్ స్కీయర్ ఆరిఫ్ ఖాన్ ఒక్కడే వెళ్లాడు. జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచాడు.

తెలుగువారికి ఈ రంగంలోకి దారి చక్రాల మీదుగానే ఉంది. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్‌కు చెందిన యామ అనూప్ కుమార్ రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు గెలిచాడు. 2025లో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో తెలంగాణకు చెందిన తల్లూరి నయనశ్రీ మంచు మీద షార్ట్‌ట్రాక్ స్కేటింగ్‌లో స్వర్ణం సాధించింది. రోలర్ స్కేట్ల మీద తిరిగే పిల్లలు మన నగరాల్లో చాలామందే ఉన్నారు. అరవై మీటర్ల పొడవు, ముప్పై మీటర్ల వెడల్పుతో, ఏడాది పొడవునా నడిచే ఐస్ రింక్ ఒకటి హైదరాబాద్‌లోనో విశాఖలోనో కట్టే బాధ్యత ప్రభుత్వాలు తీసుకోవాలి.