మొలలో కత్తి

మన పెద్దలకు జేబులు లేవు. గోచీకి జేబు ఎక్కడుంటుంది? అందుకే ‘జేబుకత్తి’ అనే మాట కొండ మీద పుట్టలేదు. మన కత్తి మొలతాడులో ఉండేది. నడుము వెనక, కుడిచేతికి అందేటట్టు దోపుకున్నాకే మనిషి ఇల్లు కదిలేవాడు. కత్తి మరిచి అడవికి పోయినవాణ్ణి మా ఊళ్ళో “చెయ్యి ఇంట్లో పెట్టి వచ్చావా?” అని నవ్వేవారు. చొక్కాలు వచ్చాక జేబులొచ్చాయి, జేబులతోపాటు సంతలో మడతచాకులొచ్చాయి. మడతచాకు పండు కోయడానికి, పొగాకు తరగడానికి సరిపోతుంది. వెదురు చీల్చడానికి పనికిరాదు.

విల్లు, బాణం, గొడ్డలి మన గురించి వేసే బొమ్మలన్నిట్లో ఉంటాయి. నాయకుల విగ్రహాల చేతుల్లోనూ అవే. ఐదారు అంగుళాల చిన్నకత్తికి ఆ గౌరవం దక్కలేదు. నిజానికి రోజంతా ఒంటిమీద ఉండేది అదే. విల్లు వేటరోజున బయటికొస్తుంది, గొడ్డలి పనున్నప్పుడు భుజానికెక్కుతుంది. కత్తి మాత్రం నిద్రపోయేటప్పుడే మొలనుంచి దిగుతుంది. ఆ కత్తిని మనం ఎట్లా చూశాం, సర్కారు కాగితాలు ఎట్లా చూశాయి అన్నదే ఈ వ్యాసం.

ముందు దాని పని చెప్పాలి. పొద్దున పళ్ళపుల్ల చెక్కుకోవడంతో మొదలు. అడ్డాకుల తీగ కోయాలి. వెదురును నిలువునా చీల్చి, బద్ద లోపలి మెత్తనిదంతా గీకి పారేసి, బుట్టకు వంగేటంత పల్చన చేయాలి. వెదురుకొమ్ము పొరలు వలవాలి. తేనెపట్టు కోయాలి. మేక గొంతుకు ఉచ్చు బిగిస్తే తాడు తెంపాలి. కాల్లో దిగిన ముల్లును మొనతో పైకి లేపాలి. దుంపలకు పోయే ఆడవాళ్ళ దగ్గరా ఒక చిన్నకత్తి ఉంటుంది.

జీలుగు గీసే కత్తి మాత్రం వేరు. దాన్ని తక్కిన వాటితో కలపరు. జీలుగు గెలను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కాగితమంత పల్చగా గీయాలి. మందంగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది. మొద్దుకత్తితో కోస్తే పీచు నలిగి కల్లు ఊరడం తగ్గిపోతుంది. అందుకని ఆ కత్తితో కూరగాయ కోయరు, పుల్ల చెక్కరు, పిల్లల చేతికివ్వరు. చెట్టెక్కేముందు వాదరను బొటనవేలి గోటి మీద ఆనించి చూస్తారు. జారితే మళ్ళీ రాయి మీదికే. చెట్టు ఒక ఇంటిది, కత్తి ఒక మనిషిది. మనిషి పోయినా అతని గీతకత్తి ఇంటి చూరులోనే ఉండిపోతుంది.

ఇక చేసేవాళ్ళు. షెడ్యూల్డు తెగల జాబితా తీసి చూడండి, అందులో ‘కమ్మర’ అని ఉంటుంది. మైదానంలో కమ్మరి అంటే వృత్తి కులం. ఏజెన్సీలో కమ్మర ఒక తెగ. కొండకమ్మర అంటారు, ఓజులు అని కూడా అంటారు. సవరల్లో ఇనుపపని చేసే శాఖ ఒకటుంది, వాళ్ళను ములి సవరలంటారని థర్‌స్టన్ 1909లో అచ్చయిన కులాలు, తెగల సంపుటాల్లో రాశాడు. మధ్య భారతంలో రాయి కరిగించి ఇనుము తీసిన అగరియాల మీద వెరియర్ ఎల్విన్ 1942లో ఒక పుస్తకమే వేశాడు. వాళ్ళ కొలుముల మీద పన్ను పడింది, బొగ్గు కాల్చడానికి అడవిలో ఆంక్షలొచ్చాయి, ఓడల్లో చవక ఇనుము దిగింది. కొలుములు ఒక్కొక్కటే ఆరిపోయాయి. కోనసముద్రం ఉక్కు పర్షియా దాకా పోయిందని మన చరిత్ర పుస్తకాలు గర్వంగా చెబుతాయి. చెప్పాల్సిందే. కొండల్లో పనిముట్టు చేసినవాడికి మాత్రం ఆ పేజీల్లో చోటు తక్కువ.

ఇప్పుడు మా వైపు కత్తికి ముడిసరుకు పాత లారీ కమాను పట్టీ. సంతలో తూకానికి కొంటారు. కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి, ఒకరు పట్టుకారుతో తిప్పుతుంటే ఒకరు సమ్మెట వేస్తారు. అలుగు రూపానికొచ్చాక ఆకురాయితో రుద్ది, మళ్ళీ కాల్చి, వాదర భాగం మాత్రమే నీళ్ళలో ముంచుతారు. మొత్తం ముంచితే అలుగు గాజులా పెళుసెక్కి విరుగుతుంది. వీపు మెత్తగా, వాదర గట్టిగా ఉండాలి. ఈ లెక్క ఏ డిప్లొమాలోనూ చెప్పరు. కమ్మర పిల్లవాడు రంగు చూసి నేర్చుకుంటాడు. తోకను పిడిలోకి దిగ్గొట్టి, పిడి పగలకుండా మూతికి పొన్ను తొడిగితే కత్తి అయినట్టే.

ఈ కత్తికీ సర్కారుకూ మధ్య ఏం జరిగిందో ఇక చూద్దాం. మొదట సర్కారు మన పనిముట్టును పన్నుకోసం లెక్కపెట్టింది. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో మద్రాసు రాష్ట్రంలో కలిశాయి. అంతకుముందు అవి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉన్నప్పుడు పోడు పన్ను గొడ్డలికి నాలుగు అణాలు. భూమికి కాదు, గొడ్డలికి! ఎన్ని గొడ్డళ్ళు కొండ ఎక్కితే అన్ని నాలుగణాలు. మద్రాసు చేతికొచ్చాక ఆ పన్ను పెరిగింది, కొన్నిచోట్ల పోడు కొట్టడమే వద్దన్నారు. రంపలో మన్సబుదారు తాడి, జీలుగు చెట్ల మీద చిగురుపన్ను గుంజాడు. దానిమీద కొత్త ఆబ్కారీ నియమాలు వచ్చి పడ్డాయి. ఇంటికోసం కల్లు గీసుకోవడం తప్పయింది, కల్లు హక్కును కౌలుకు పాడుకున్నవాడు అసలు యజమాని అయ్యాడు. తాత నాటిన చెట్టు, తాత చేయించిన కత్తి, గీస్తే నేరం. 1879 మార్చిలో రంప తిరగబడింది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్‌రెడ్డి పేర్లు మనకు తెలుసు. ఆ తిరుగుబాటు గొల్కొండ కొండలకూ రేకపల్లికీ పాకింది. దాని కారణాలు చదివేటప్పుడు ‘ఆబ్కారీ విధానం’ అనే మాట దగ్గర చాలామంది ఆగరు. ఆ మాట వెనక ఉన్నది చూరులోని ఆ గీతకత్తి.

సరిగ్గా అంతకు ఏడాది ముందు, లిట్టన్ వైస్రాయిగా ఉండగా, 1878 ఆయుధాల చట్టం వచ్చింది. అందులో ‘ఆయుధం’ అనే మాటకు అర్థం రాశారు. తుపాకి, బాయినెట్, ఖడ్గం, బాకు, ఈటె, ఈటెమొన. ఆ వరసలోనే విల్లు, బాణాలు కూడా. పిట్టనూ కుందేలునూ కొట్టే వెదురువిల్లు బాయినెట్ పక్కన కూర్చుంది. చిన్నకత్తి పేరు అందులో లేదు, బాకు పేరు ఉంది. మరి కత్తి ఎక్కడ ముగిసి బాకు ఎక్కడ మొదలవుతుంది? అది చూసేవాడి కళ్ళను బట్టి ఉంటుంది. ఆ రోజునుంచి ఈ రోజుదాకా మన కష్టమంతా అక్కడే ఉంది.

నాలుగేళ్ళకు 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవి నేరం జరిగిందంటే కలపతోపాటు పనిముట్లను, బండ్లను, పశువులను కూడా పట్టుకోవచ్చు. 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టమూ ఆ అధికారాన్ని అట్లాగే ఉంచింది. అంటే ఒకే కత్తి ఒక చట్టం ముందు ఆయుధం, ఇంకో చట్టం ముందు నేరం చేసిన పనిముట్టు. పోలీసాయన మొదటి కళ్ళద్దాలతో చూస్తాడు, ఫారెస్టాయన రెండో కళ్ళద్దాలతో. వెదురు చీల్చే కత్తిగా చూసే కళ్ళద్దాలు ఎవరి దగ్గరా లేవు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లను అల్లూరి సీతారామరాజు దళం కొట్టింది. వాళ్ళు తీసుకుపోయినవి తుపాకులు, తూటాలు. కత్తి కోసం ఎవరూ స్టేషను కొట్టనక్కరలేదు, అది ప్రతి మన్యం మనిషి మొలలోనూ ఉంది. యుద్ధం చేయాలనుకున్నప్పుడు మనవాళ్ళు వెతుక్కున్నది తుపాకినే. మొలలోని కత్తిని వాళ్ళే ఆయుధం కింద లెక్కవేయలేదన్నమాట.

కత్తి పెట్టుకు తిరిగే హక్కు ఈ దేశంలో ఎవరికీ లేదా అంటే, ఉంది. కొడగు కొడవలు నడికట్టులో పీచెకత్తి దోపుకుంటారు, వీపున పెద్ద ఒడికత్తి తగిలిస్తారు. 1857లో ఇంగ్లీషువాళ్ళ పక్షాన నిలిచినందుకు 1861లో వాళ్ళను నిరాయుధీకరణ చట్టంనుంచి తప్పించారు. తుపాకి లైసెన్సు విషయంలో ఆ మినహాయింపు ఇంకా సాగుతోంది. కేంద్రం 2019లో దాన్ని 2029 దాకా పొడిగించింది. సిక్కుల కిర్పాణ్ రాజ్యాంగంలోనే ఉంది. 25వ అధికరణకు వివరణలో, కిర్పాణ్ ధరించడం సిక్కు మతాచరణలో భాగమని రాశారు. నాకు వాళ్ళమీద అసూయ లేదు. వాళ్ళ కత్తి వాళ్ళ హక్కు. కానీ ఒకరికి విధేయతకు బహుమానంగా, ఒకరికి మతంగా దొరికింది. పని కోసం కత్తి పట్టేవాడికి పేరుపెట్టి ఇచ్చింది ఏదీ లేదు.

పేరుపెట్టకుండా ఇచ్చింది ఒకటుంది, అది మనవాళ్ళు తెలుసుకోవాలి. 1959 ఆయుధాల చట్టం ఇంటిపనికో వ్యవసాయానికో మాత్రమే తయారైన వస్తువులను ఆయుధాల లెక్కలోంచి తీసేసింది. 1962 నియమాల్లో కొలత ఇచ్చారు. అలుగు 9 అంగుళాలకన్నా పొడవైనా, 2 అంగుళాలకన్నా వెడల్పైనా ఆయుధం. అయితే ఇల్లు, వ్యవసాయం, శాస్త్రం, పరిశ్రమ పనులకు చేసినవి అందులోకి రావు. కొలత దాటిన ఆయుధానికైనా కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాల్లోనే లైసెన్సు కావాలి. మన మొలకత్తి ఐదారు అంగుళాలు. పోడు కత్తి పన్నెండు అంగుళాలున్నా అది వ్యవసాయానిదే. చట్టం ప్రకారం రెండింటికీ భయం లేదు. చెక్‌పోస్టు దగ్గర ఉంది.

మా మేనమామ కత్తి అట్లాగే పోయింది. అడ్డాకులకు పోతుంటే దారిలో ఆపారు.

“ఇదెందుకు?”

“అడ్డాకులకయ్యా.”

“ఆకులు చేత్తో తెంపుకోలేవా?”

కేసు పెట్టలేదు, రసీదూ ఇవ్వలేదు. ఆయన ఇరవయ్యేళ్ళు వాడిన కత్తి అది. తరవాత ఇంకోటి చేయించుకున్నాడు గానీ దాన్ని సంచి అడుగున, బట్టల కింద పెట్టుకుపోయేవాడు. మొలలో బాహాటంగా ఉన్నప్పుడు ఎవరూ అనుమానించని వస్తువు, దాచిపెట్టేసరికి అనుమానపు వస్తువైంది. దాచడం మనకు నేర్పిందెవరు?

2006 అటవీ హక్కుల చట్టం వెదురు, తేనె, మైనం, దుంపలు, మందుమొక్కలు సేకరించి అమ్ముకునే హక్కు మనకిచ్చింది. 2008 నియమాల్లో వాటిని తలమోపులతో, సైకిళ్ళతో, తోపుడుబండ్లతో తెచ్చుకోవచ్చని కూడా రాశారు. సైకిలు గుర్తొచ్చింది, కత్తి గుర్తు రాలేదు. వెదురును పళ్ళతో కొరికి తెచ్చుకుంటామా?

పదేళ్ళుగా పాత కత్తులు పోగుచేస్తున్నాను. ఒక ట్రంకుపెట్టె నిండింది. అరిగి వేలంత సన్నమైన గీతకత్తులు, కమాను పట్టీకి ముందు కాలపు ఇనుముతో చేసినవి, దుప్పికొమ్ము పిడివి ఉన్నాయి. కొన్ని ఇళ్ళలో కత్తిని చేతికివ్వరు, నేలమీద పెడతారు, నేను తీసుకోవాలి. ఇంకొన్ని ఇళ్ళవాళ్ళు అసలివ్వలేదు, నాకు అదే నచ్చింది. వాడుకలో ఉన్న కత్తి పెట్టెలోకి రావడం మంచిది కాదు. అందుకే ఇప్పుడు పద్ధతి మార్చాను. కత్తి తేవద్దని, ఇంట్లో పెద్దవాళ్ళు కత్తిని కాగితంమీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీస్తే ఆ కాగితం తెమ్మని మా బడి పిల్లలకు చెప్పాను. పక్కన ఎవరిది, ఎవరు చేశారు, ఏ ఇనుము, ఏ పనికి అని నాలుగు మాటలు రాయాలి. ఒక పాప రెండు గీతలు గీసి తెచ్చింది. లోపలి గీత ఇప్పటి కత్తి, బయటి గీత వాళ్ళ అవ్వ చెప్పిన కొత్తప్పటి కత్తి. రెండు గీతల మధ్య అంగుళం తేడా, అంతా సానరాయి తిన్నది.

ఈ పుస్తకం చదివే ఉపాధ్యాయులు మీ మీ ఊళ్ళలో ఇది చేయించవచ్చు. కోయ, కొండరెడ్డి, సవర, గదబ, గోండు, చెంచు ఊళ్ళ కత్తుల గీతలు ఒకచోట చేరితే మన పనిముట్ల చరిత్రకు మంచి ఆధారం అవుతుంది. చేసిన కమ్మర పేరు తప్పకుండా రాయించండి. పిడి ఏ కర్రదో రాయించండి. కొలత వేసేటప్పుడు మాత్రం పిడి కలపకుండా అలుగు ఒక్కటే కొలవాలి. చట్టం కొలిచేది దాన్నే.