హ్యాండ్ గేరా, ఫ్లోర్ గేరా? మన అంబాసిడర్ కథ

తాతగారి పాత అంబాసిడర్ ఇంటి వెనకాల పడి ఉంటే, దాన్ని మళ్ళీ రోడ్డెక్కించాలని చాలామందికి ఉంటుంది. వెంటనే ఎవరో ఒకరు అంటారు: "ఆ హ్యాండ్ గేరు పీకేసి ఫ్లోర్ గేరు పెట్టించు" అని. ఆగండి. ముందు ఈ గేరు చరిత్ర వినండి.

హ్యాండ్ గేరంటే గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉండటం. 1958లో ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ మొదలుపెట్టిన అంబాసిడర్‌కి మూలం ఇంగ్లండ్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. ముందు సీటు ఒకటే బెంచి. మధ్యలో రాడ్డు అడ్డం లేదు కాబట్టి ముందరే ముగ్గురు కూర్చోవచ్చు. కుటుంబాలకీ టాక్సీలకీ అంతకన్నా ఏం కావాలి?

చిక్కెక్కడంటే, చెయ్యి పైన ఉంది, గేర్‌బాక్స్ కింద ఉంది. మధ్యలో లింకులు రెండు పనులు చెయ్యాలి: ఏ వరస గేర్లో ఎంచుకోవాలి, తర్వాత ఆ గేరు వెయ్యాలి. ప్రతి జాయింట్‌లో బుష్ ఉంటుంది. ఒక్కో బుష్ కొంచెం అరిగినా చాలు, ఆ లూజంతా కలిసి చేతి దగ్గరికి వచ్చేసరికి గేరెక్కడుందో తెలీదు.

1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు గారు మన స్టీల్ ప్లాంట్‌ని జాతికి అంకితం చేశారు. అంబాసిడర్‌కి 1.8 లీటర్ల ఇసుజు ఇంజను, 5 గేర్లు, ఫ్లోర్ గేరు వచ్చింది కూడా ఆ ఏడాదే. దాంతో పాత బళ్ళకీ అదే బిగించుకోవాలన్న మోజు మొదలైంది. షిప్‌యార్డు, పోర్టు, స్టీల్ ప్లాంట్ ఉన్న ఊరు మనది. ఫిట్టర్లకీ, టర్నర్లకీ, వెల్డర్లకీ కొదవా?

కానీ పని తేలిక కాదు. రాడ్డు రావడానికి ఫ్లోర్ కొయ్యాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు సరిచూడాలి. రాడ్డు సీటుకి తగిలితే వంచాలి, లేదా లింకు పెట్టి ముందుకి జరపాలి. ఆ లింకు పివట్‌ని బాడీకి బిగించారో, పోయింది! రబ్బరు మౌంట్ల మీద ఇంజనుతోపాటు గేర్‌బాక్స్ కూడా ఊగుతుంది, బాడీ ఊగదు. ఘాట్ ఎక్కేటప్పుడు గేరు దానంతటదే జారిపోవచ్చు. పివట్ గేర్‌బాక్స్‌కే ఉండాలి. రాడ్డు పొడుగైతే చేతికి తేలిక, కానీ చెయ్యి ఎక్కువ దూరం కదపాలి. పొట్టిదైతే దూరం తక్కువ, బలం ఎక్కువ పెట్టాలి.

ఇప్పుడు అసలు విషయం. 2021లో కేంద్రం వింటేజ్ బళ్ళకి ప్రత్యేక రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. బండికి 50 ఏళ్ళు దాటాలి, అసలు రూపంలోనే ఉండాలి. ఫ్లోర్ కోసి, ఇంజను మార్చిన బండికి ఆ అర్హత చేజారిపోవచ్చు. అయితే వింటేజ్ బండిని రోజువారీ పనులకి తిప్పకూడదు. రోజూ తిప్పుకోవాలంటే మామూలు రిజిస్ట్రేషనే దారి. అప్పుడు కూడా ఇంజను మార్చే ముందు ఆర్టీఓ అనుమతి తీసుకోవాలి.

నా మాటేంటంటే, ముందు బుష్‌లూ పిన్నులూ మార్చి, లింకులు సరిగ్గా సెట్ చేయించి చూడండి. చాలా బళ్ళలో జబ్బు అంతే. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. అరిగిన బుష్‌ని లేత్ మీద మళ్ళీ చేసుకోవచ్చు. కోసేసిన పాత బాడీని మళ్ళీ ఎవరూ చేసివ్వరు.