‘రా’ అనే అక్షరం

అమ్మమ్మ గుండ్లపేరు కొక్కెం లోపల ‘రా’ అని ఒక అక్షరం ఉంది. ఆవగింజంత. ఫోన్ కెమెరాతో జూమ్ చేస్తే తప్ప కనబడదు. “మా ఊరి కంసాలి గుర్తు” అంటుంది అమ్మ. అదే పెట్టెలో నా ఇంజనీరింగ్ అయిన ఏడాది, 2008లో కొన్న గాజులున్నాయి. వాటి లోపల ఓ త్రిభుజం, 916, పరీక్ష చేసిన సెంటర్ గుర్తు, షాపు గుర్తు, చివర్లో ‘జె’. 916 తెలిసిందే: 22ని 24తో భాగిస్తే వచ్చేది, వెయ్యికి 916 పాళ్లు బంగారం. ఆ ‘జె’ ఏంటో చూద్దామని మొదలుపెట్టి లండన్‌లో తేలాను.

1300లో ఇంగ్లండ్ రాజు ఒకటో ఎడ్వర్డ్ చట్టం చేశాడు. పరీక్షించి చిరుతపులి తల ముద్ర వేస్తేగానీ వెండి సామాను కంసాలి చేయి దాటకూడదు. 1363లో ఇంకో మెట్టు: ప్రతి పనివాడికీ సొంత గుర్తు ఉండాలి. 1478కి వచ్చేసరికి సరుకంతా లండన్ గోల్డ్‌స్మిత్స్ హాల్‌కే తెచ్చి ముద్ర వేయించుకోవాల్సి వచ్చింది. హాల్లో వేసే మార్కు కాబట్టి హాల్‌మార్కు! అప్పుడే ఏడాదికో అక్షరం కూడా మొదలైంది. అది కొనేవాళ్లకి తేదీ చెప్పడానికి కాదు. తర్వాతెప్పుడో కల్తీ బయటపడితే ఆ ఏడాది పరీక్ష చేసిందెవరో పట్టుకోవడానికి. మా ఆఫీసు భాషలో ‘గిట్ బ్లేమ్’.

తయారీదారు గుర్తు కూడా అంతే. దాన్ని మనం కళాకారుడి సంతకం అనుకుని మురిసిపోతాం. 1761లో హెస్టర్ బేట్‌మన్ అనే వితంతువు తన పేరున ‘హెచ్‌బి’ గుర్తు రిజిస్టర్ చేయించింది. ఆ గుర్తున్న వెండి సామాన్లు ఇప్పటికీ వేలంలో దొరుకుతాయి. కానీ ఏ చెంచా మీద ఎవరి సుత్తి పడిందో ఆ రెండక్షరాలు చెప్పవు. ఇది ఎవరి వర్క్‌షాపు సరుకు, తేడా వస్తే ఎవరిని అడగాలి, అంతవరకే చెప్తాయి. ఇప్పుడు అక్కడ దాన్ని స్పాన్సర్ మార్కు అనే అంటున్నారు. నిజాయితీ గల పేరు.

మన దగ్గర బీఐఎస్ బంగారానికి హాల్‌మార్కింగ్ 2000లో మొదలుపెట్టింది. ఆ ఏడాదికి ‘ఎ’, 2008కి ‘జె’. 2017లో ఏడాది అక్షరం తీసేశారు. 2021లో హెచ్‌యూఐడీ వచ్చింది: అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు. దాంతో నగ మీద షాపు గుర్తు కూడా పోయింది. యాప్‌లో ఆ ఆరూ కొడితే వివరాలొస్తాయి. డేటాబేస్ డిజైన్‌గా చూస్తే ఇదే కరెక్ట్, నేనైనా ఇలాగే చేసేవాణ్ణి. సర్వర్ ఉన్నన్నాళ్లూ బాగానే ఉంటుంది. 1478 నాటి అక్షరానికి మాత్రం సర్వర్ అక్కర్లేదు.

కంసాలుల మీద మన సామెతలన్నీ అనుమానంతోనే ఉంటాయి. సామెతలు కట్టినవాళ్లు కంసాలులు కారు మరి. ఏ చట్టమూ అడక్కుండానే, ‘తేడా వస్తే నన్నడగండి’ అన్నట్టు ఆ ‘రా’ కొట్టినాయన కూడా ఆ సామెతల్లోనే బతికాడు.

మొన్న గుండ్లపేరు మార్పిద్దామని ఒక షాపుకి తీసుకెళ్లాం. మెషీన్ కింద పెడితే 916 కంటే తక్కువ చూపించింది. అతుకుల దగ్గర టంకం ఎక్కువుందట. “హాల్‌మార్క్ లేదు కదా మేడమ్, కరిగించి చూస్తేగానీ రేటు చెప్పలేం” అన్నాడు కౌంటర్ అబ్బాయి. అమ్మ కొక్కెం తిప్పి అతనికి ఆ అక్షరం చూపించింది. అతను మర్యాదగా చూశాడు.

“కరిగించొద్దులే బాబూ,” అని గుండ్లపేరు మళ్లీ చేతిరుమాల్లో చుట్టేసింది.