జాతీయారణ్యములలో కుటుంబ విడుదులు

మనుష్యుడు నీడను కోరి చెట్టు క్రిందికి పోవును. ఆ నీడకై వచ్చినవాడే ఆ చెట్టును చంపునన్నచో వినుటకు వింతగా నుండును. గొడ్డలి పట్టకయే, కొమ్మ విరువకయే, చెట్టునందు మిక్కిలి ప్రేమ గలవారే వేలకొలదిగా కూడి దానిని చంపగలరని అమెరికా సంయుక్తరాష్ట్రముల అటవీశాఖవారు సుమారు నూరేండ్ల క్రిందట అనుభవముచే తెలిసికొనిరి. తెలిసికొని, మనుష్యులను వెళ్లగొట్టక, చెట్లను కోల్పోక, రెంటికిని చోటు కల్పించు మార్గమును వెదకిరి. నేడు ఆ దేశమున వేసవి వచ్చినంతనే లెక్కకు మించిన కుటుంబములు బిడ్డలతోడను డేరాలతోడను పోయి దిగుచున్న జాతీయారణ్య విడిదిస్థలములకు ఆ మార్గమే ఆధారము. ఉమ్మడి సొత్తును అందరు ననుభవించుచునే అది నశింపకుండ కాచుకొనుట యెట్లు? ఈ ప్రశ్న ఒక్క దేశమునకు చెందినది కాదు. కావున ఆ చరిత్రమును కొంత తెలిసికొనుట మనకు నుపయోగకరము.

అమెరికాలో జాతీయోద్యానములు వేరు, జాతీయారణ్యములు వేరు. ఉద్యానములు ప్రకృతిశోభను చూచి ఆనందించుటకై ఏర్పడినవి; వానిలో మొదటిది 1872వ సంవత్సరమున నేర్పడిన యెల్లోస్టోన్. అరణ్యముల పుట్టుక వేరు. కలపవర్తకులు కొండలకు కొండలనే బోడిచేసి పోవుచుండగా, నదుల నీరును భావితరముల కలపయు ఏమగునో యన్న భయము పుట్టెను. 1891లో చేసిన శాసనము ననుసరించి అధ్యక్షుడు హారిసన్ కొన్ని ప్రభుత్వభూములను అమ్మకమునకు వీలులేకుండ ప్రత్యేకించెను. 1905లో ఈ భూములు వ్యవసాయశాఖకు మారెను, అటవీశాఖ యేర్పడెను, గిఫర్డ్ పింషో దానికి మొదటి అధిపతి యయ్యెను. 1907 నుండి ఈ భూములకు జాతీయారణ్యములను పేరు స్థిరపడినది. కలప, నీరు, పశువుల మేత ఇవియే అప్పటివారి చింత. ఒక తల్లి తన బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చి దేవదారు చెట్టు క్రింద వంటచేసికొనునన్న తలంపు ఆ శాసనములలో నెచ్చటను లేదు.

ఇచ్చట నొక సత్యమును దాటిపోరాదు. ప్రభుత్వభూములని పిలువబడిన ఆ అడవులు అంతకుముందు నిర్మానుష్యములు కావు. అవి ఆదిమజాతులవారు వేటాడిన చోట్లు, పండ్లు కోసికొనిన చోట్లు, సంవత్సరమున కొన్ని నెలలు సకుటుంబముగా దిగిన చోట్లు. వినోదమునకై కాక జీవనమునకై వారు వేసికొనిన విడుదులే ఆ అడవులలో మొదటి విడుదులు. కొలంబియానదీప్రాంతమున యాకమా మొదలగు జాతులవారు 1855 నాటి ఒడంబడికలలో తమ భూములను చాలవరకు కోల్పోయిరి. అలవాటైన తావులలో చేపలు పట్టుటకును, పండ్లు ఏరుకొనుటకును మాత్రము హక్కు నిలుపుకొనిరి. 1932లో, పనిలేని జనులు వేలకొలదిగా హకల్‌బెరీ పండ్లకై అడవిలోనికి రాగా, యాకమా నాయకుడును అటవీశాఖాధికారియు చేతిలో చేయి వేసి, ఆ పొదలలో కొంతభాగము ఆ జాతివారికే విడువవలెనని మాట యిచ్చుకొనిరి. నేటికిని ఆ మాట నిలిచియున్నది. ఉమ్మడి సొత్తని పలుకునపుడు ఆ ఉమ్మడిలో ఎవరు చేరిరి, ఎవరు తొలగింపబడిరి అని యడుగుట న్యాయము.

జనసామాన్యమును అడవికి చేర్చినది మోటారుబండి. 1908లో ఫోర్డు కంపెనీవారు మాడల్ టీ యను బండిని తెచ్చిరి. 1920 తరువాత దానిలో చౌకరకము వెల 260 డాలర్లకు దిగినది. అంతకుముందు కొండసీమలలో విశ్రాంతి తీసికొనుట ధనవంతుల భాగ్యము. రైలుబండి ఖర్చును పెద్ద హోటళ్ల ఖర్చును పెట్టుకొనగలవారిదే ఆ సుఖము. బండి వచ్చిన పిమ్మట గుమాస్తాయు బడిపంతులును సైతము ఆలుబిడ్డలను ఎక్కించుకొని, ఒక డేరాయు నాలుగు గిన్నెలును కట్టుకొని బయలుదేరిరి. వారు దిగిన చోటెల్ల పొయ్యి. పోయిన చోటెల్ల ఆరని నిప్పు, చెత్త, మలినము. క్రింది పట్టణములవారు త్రాగు నీరు ఆ కొండవాగులనుండియే వచ్చుచుండెను. అటవీశాఖవారు వినోదమునందు ప్రీతిచే గాక, అగ్నిభయముచేతను రోగభయముచేతను విడిదిస్థలముల నిర్మాణమునకు పూనుకొనిరనుట సత్యము.

ఓరెగన్ రాష్ట్రమున పోర్ట్‌లండు నగరమునకు తూర్పున సుమారు నలువది మైళ్ల దూరమున, కొలంబియా లోయలో ఈగిల్ క్రీక్ అను వాగు గలదు. ఆ లోయలో వేసిన సుందరమైన రాజమార్గమునకు 1916లో ప్రారంభోత్సవము జరిగెను. ఆ యేటనే వాగు ఒడ్డున అటవీశాఖవారు బల్లలు వేసి, మరుగుదొడ్లు కట్టి, వచ్చినవారిని చూచుకొనుట కొక కచ్చేరి నేర్పరచిరి. ఆ శాఖవారు సమగ్రముగా నిర్మించిన మొదటి విడిదిస్థలముగా దీనిని చరిత్రకారులు లెక్కింతురు. ఆ స్థలపు పేరును చదువరులు గుర్తుంచుకొందురు గాక; దాని ప్రసంగము మరల వచ్చును.

మసాచుసెట్స్ వ్యవసాయ కళాశాలలో ఉద్యానశాస్త్రము బోధించు ఫ్రాంక్ వా అను పండితుడు 1917లో ఈ అరణ్యములను చూచి, కలపవలెనే జనుల విశ్రాంతియు అడవి యిచ్చు ఫలమే యని నివేదించెను. 1919లో ఆర్థర్ కార్హార్ట్ అను యువకుడు అటవీశాఖలో మొదటి స్థలనిర్మాణ శిల్పిగా చేరి, కొలరాడోలోని శాన్ ఇసబెల్ అరణ్యమునకు ప్రణాళిక వ్రాసెను. ధనమేదీ? శాసనసభవారు ఈయలేదు. అప్పుడు ప్యూబ్లో పట్టణపు పౌరులు సంఘముగా కూడి, చందాలు వేసికొని, స్క్విరల్ క్రీక్ లోయలో విడిదిస్థలమును కట్టించిరి. ప్రభుత్వము కదలకున్నచో ప్రజలే కదలవలెననుటకు ఇది మంచి నిదర్శనము. 1922లో శాసనసభవారు విడిదిస్థలముల పారిశుద్ధ్యమునకును అగ్నినివారణమునకును పదివేల డాలర్లు మంజూరు చేసిరి. దేశమంతటికిని ఆ మొత్త మెంత? 1925 నాటికి జాతీయారణ్యములలో సుమారు 1,500 విడిదిస్థలములుండగా, పెక్కింటికి మరుగుదొడ్డియైనను లేదు.

ఇంతలో కొత్త యాపద కానవచ్చెను. జనులు మిక్కిలి మక్కువతో దిగు చోటులందే చెట్లు ఎండసాగెను. కాలిఫోర్నియాలో వృక్షరోగముల శాస్త్రజ్ఞుడైన మైనెకీ యను నతడు మహావృక్షములైన రెడ్‌వుడ్ల తోపులను పరీక్షించి 1928లో కారణమును తెలిపెను. చెట్టు ఆహారమును గ్రహించు సన్నని వేళ్లు నేలపైపొరలోనే యుండును. ఆ వేళ్లకు నీరును గాలియు కావలెను. వేలకొలది పాదములును బండిచక్రములును త్రొక్కగా నేల గట్టిపడి రాయివలె నగును; వాననీరు ఇంకదు; గాలి చొరదు; వేళ్లు చచ్చును. మొదట గడ్డియు పొదలును మాయమగును. పెద్దచెట్టు మాత్రము కొన్నియేండ్లు పచ్చగానే నిలిచి, పిమ్మట కొనకొమ్మనుండి ఎండుచు వచ్చును. చెట్టు చచ్చునప్పటికి దానిని చంపినవారు అచ్చట నుండరు. వారు మరియొక చల్లని చోటును వెదకికొని పోయియుందురు! ఎవరి పాదము చంపినదో చెప్పుట కెవరికిని సాధ్యము గాదు. ప్రజాధనము నశించు విధము తరచుగా నిట్టిదే.

మైనెకీ చూపిన చికిత్స అతి సామాన్యము. జనులను తిట్టి ఫలము లేదు, నేలను అమర్చవలెను. బండ్లు ఒక్క దిక్కుననే పోవు సన్నని బాట వేయవలెను. ప్రతి కుటుంబమునకును బాటప్రక్కన బండి నిలుపుట కొక చిన్న మలుపు, దానికి చేరువను కదలని బల్ల, కదలని పొయ్యి, డేరాకు చదునైన చోటు ఉండవలెను. బండి ముందునకు పోకుండ పెద్ద రాళ్లనో దుంగలనో అడ్డముగా పాతవలెను. ఒక కుటుంబమునకును మరియొక కుటుంబమునకును నడుమ పొదలను అట్లే పెరుగనీయవలెను. ఇంతమాత్రముచేత కాలు పడదగిన చోటనే కాలు పడును. మిగిలిన నేల మెత్తగా నుండి చెట్లకు ప్రాణమిచ్చును. ప్రతి యిల్లాలికిని తన వంట, తన బిడ్డలు, తన మరుగు అన్న నెమ్మదియు కలుగును. 1932లో ఆయన ప్రకటించిన ఈ పద్ధతి దేశమంతట వ్యాపించెను. నేడు ఆ యరణ్యములలో దిగు బాటసారి బాటప్రక్కనున్న బండరాతిని చూచి అది కొండనుండి దొరలి వచ్చినదని తలంచును. దానిని మోసికొనివచ్చి పాతినవారు కలరు.

ఆ మోసినవారెవరు? 1929 తరువాత అమెరికాను ముంచిన ఆర్థికసంకటమున పనిలేక తిరిగిన యువకులు. 1933లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ నెలకొల్పిన పౌరసంరక్షణ దళమున, 1942లో అది ముగియులోపల, సుమారు ముప్పదిలక్షలమంది పనిచేసిరి. నెలకు ముప్పది డాలర్ల జీతము. అందు ఇరువదియైదు డాలర్లు ఇంటనున్న తలిదండ్రులకు పోవును. చెట్లు నాటుట, బాటలు వేయుట, నిప్పు లార్పుట, రాతిపొయ్యిలు కట్టుట వారి పనులు. తాము ఏనాడును వేసవిసెలవు నెరుగని బీదపిల్లలు కట్టిన పొయ్యిలపై తరువాతి తరములవారు కాఫీ కాచుకొనిరి.

అయినను ఆ నీడ అందరిదియు కాలేదు. దక్షిణరాష్ట్రములలో నల్లజాతివారికి విహారస్థలముల ప్రవేశము నిషిద్ధము. వర్జీనియాలో క్లిఫ్టన్ ఫోర్జ్ పట్టణమునకు చేరువనున్న రాష్ట్రోద్యానము తెల్లవారికి మాత్రమే. ఆ యూరి నల్లజాతివారి హక్కుల సంఘశాఖవారు 1936లో, తమ బిడ్డలకు నీడ యేదని అటవీశాఖవారిని అడిగిరి. వారికై జార్జి వాషింగ్టన్ జాతీయారణ్యమున ఒక చెరువును, స్నానపు రేవును, బల్లలను ఏర్పరచి, గ్రీన్ పాశ్చర్స్ అను పేరుతో 1940లో తెరచిరి. అడిగినవారి ధైర్యము కొనియాడదగినది; వేరుగా నీయవలసివచ్చిన న్యాయము అరన్యాయమే. 1950లో ఆ భేదము తొలగి, ఆ స్థలము అందరిదయ్యెను. ఊరిబావిని అందరి బావిగా చేయుటకు మనవారు పడిన పాట్లు తెలిసిన చదువరులకు ఇందలి భావమును విప్పి చెప్పనక్కరలేదు.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప జనము ఇబ్బడి ముబ్బడిగా వచ్చెను. శిథిలమైన విడిదిస్థలములను బాగుచేయుటకు 1957లో అటవీశాఖవారు ఐదేండ్ల ప్రణాళిక నారంభించిరి. 1960 నాటి శాసనము కలప, నీరు, మేత, వన్యప్రాణులతోపాటు ప్రజల విహారమును గూడ అరణ్యముల ధర్మముగా అంగీకరించెను. 1891లో లేని మాట డెబ్బదియేండ్లకు శాసన మెక్కినది. ఆ దశాబ్దమునందే అనేకస్థలములలో రుసుము వసూలు చేయుటయు మొదలయ్యెను. నేడు 154 జాతీయారణ్యములు కలవు. పెక్కుచోటుల ఒక కుటుంబము ఒక్క తావున పదునాలుగు దినములకు మించి నిలువరాదన్న నియమము కలదు. నీడ ఒకరి సొత్తు కాకుండుటకే అది.

ఇక ఈగిల్ క్రీక్ ప్రసంగము. 2017వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన, ఎండిన ఆ లోయలోనికి పదునైదేండ్ల బాలు డొకడు వేడుకకై టపాకాయను విసరెను. అడవి అంటుకొనెను. సుమారు నూటయేబదిమంది బాటసారులు ఆ రాత్రి కొండలలో చిక్కుకొనిరి. రమారమి ఏబదివేల ఎకరములు అగ్నిపాలయ్యెను. ఈగిల్ క్రీక్ కాలిబాట మూడేండ్లకు పైగా మూతపడెను. న్యాయస్థానము ఆ బాలునికి 1,920 గంటల ప్రజాసేవను, మూడుకోట్ల అరువదిలక్షల డాలర్లకు పైబడిన నష్టపరిహారమును విధించెను. ఆ ధనమును ఏ బాలుడు తీర్చగలడు? తీర్చినను ఆ చెట్లు వచ్చునా? కొలరాడోలో మరియొక విధమైన నష్టము. అనావృష్టిచేతను, చలి తగ్గుటచేతను బెరడుపురుగు విజృంభించి కొండలకొలది దేవదారులను చంపెను. ఎండినచెట్లు డేరాలపై కూలునన్న భయముచే అటవీశాఖవారే విడిదిస్థలముల చెట్లను కొట్టించి, నీడలేని విడుదులను నిలుపుకొనవలసివచ్చెను. మైనెకీ పాతించిన రాళ్లు మనుష్యుని పాదమును ఆపగలిగినవి. మారుచున్న ఋతువులను ఆపలేవు. దానికి మరింత పెద్ద కట్టుబాటు కావలెను.

నేడు ఆ దేశమున స్థిరపడిన తెలుగు కుటుంబములును వేసవిలో ఈ యరణ్యములకు పోయి డేరాలు వేసికొనుచున్నవి. కార్తికమాసపు వనభోజనములను తల్లిదండ్రులవద్ద నేర్చినవారికి చెట్టుక్రింది పంక్తి కొత్తది కాదు. వారు గాని, ఇక్కడ తోపులకు పోవు మనము గాని, ఆ చరిత్రమునుండి గ్రహింపవలసినది కొంచెమే. పొయ్యిని చేతితో తాకి చల్లబడినదని తెలిసికొనిన పిదపనే లేవవలెను. ఏర్పడిన బాటనే నడువవలెను. తెచ్చిన చెత్తను మరల తీసికొనిపోవలెను. ఇవి చిన్నపనులు, పిల్లలకు చెప్పిన నేర్చుకొందురు, పెద్దలు చేసి చూపిన మరువరు. మనము కూర్చుండిన నీడ మనకు ముందు వచ్చినవారు త్రొక్కక విడిచినది. తరువాత వచ్చువారికి మనము విడువవలసినదియు అదియే.